చింపకుండా విప్పిన కాగితాలు

పండగ సెలవులు అయిపోయిన మర్నాడు పొద్దున్నే ఆ ఇంట్లో భోజనాల బల్ల మీద ఇస్త్రీ జరుగుతోంది. బట్టలకు కాదు, బహుమతుల మీద నుంచి ఊడదీసిన రంగు కాగితాలకు. వాటి మీద పాత దుప్పటి ముక్క పరిచి, ఇస్త్రీపెట్టె వేడి తగ్గించి, అమ్మ ఓపిగ్గా ముడతలు తీస్తోంది. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసి చేసి రిటైరైన మనిషి. భర్త పోయాక కూతురింటికి వచ్చింది గానీ చేతులు ఊరికే ఉండవు.

"అమ్మా, ఆయన చొక్కా అయిందా? నీకు కాగితాలు ముందా, మనుషులు ముందా?" అంది కూతురు జడ వేసుకుంటూ.

"ఎప్పుడో అయింది. కుర్చీ మీదుంది, కాస్త కళ్లు పెట్టి చూడు."

కూతురు బ్యాంకులో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. ఓర్పంతా అక్కడే ఖర్చయిపోతుంది. ఇంటికొచ్చాక మిగిలిన విసుగు ఎవరి మీదైనా చూపించాలిగా, తల్లయితే పడుతుంది.

ఆ కాగితాలు అమ్మ చేతిలో ఏవేవో అయ్యేవి. సొరుగుల్లో పరిచేది, పుస్తకాలకు అట్టలు వేసేది, గాజు సామాను మధ్య సర్దడానికి సన్నగా పీలికలు కత్తిరించేది. హాల్లో దీపానికి మడతలు మడతలుగా ఉన్న గొడుగు కూడా ఆవిడ చేసిందే. స్నేహితురాళ్లు దాన్ని మెచ్చుకుంటే ఆన్‌లైన్‌లో తెప్పించానని చెప్పింది కూతురు. వంటింట్లో ఉన్న అమ్మ విననట్టే ఊరుకుంది.

"రేపు మా ఆడపడుచు వస్తోంది, నీ గదిలోనే ఉంటుంది. అలమరలో కింది అర ఖాళీ చెయ్యి."

"పై అర ఇస్తాలే. నా బట్టలు పెట్టెలో సర్దుకుంటాను. కింద కాగితాలున్నాయి."

"అందుకేగా చెప్తున్నా. అలమర తెరిస్తే ఏమనుకుంటుంది, చెత్తలో పడుకోబెట్టామనుకోదూ?"

"ఇంట్లో ఎవరి బహుమతైనా ఇందులోంచేగా చుట్టి ఇస్తున్నా. చెత్తెలా అయిందే?"

"కొత్త కాగితం కొనలేకనా మేము? లేమిలో బతికిన బుద్ధి ఎక్కడికి పోతుంది."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని బ్యాంకులో కొత్తగా చేరినవాళ్లకు చెప్పేది ఈమే. అమ్మ ఇస్త్రీపెట్టె స్విచ్ కట్టేసింది.

అల్లుడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. గొడవలంటే పడని మనిషి.

"అత్తయ్యా, ఓ పని చేద్దాం. మీకొచ్చిన బహుమతుల మీది కాగితాలు గుర్తుగా ఉంచుకోండి. మిగతావి తీసేద్దాం. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

మంచి మాటే. అమ్మ కూడా తలూపింది. అలమరలోంచి దొంతర తెచ్చి కూర్చుని ఒక్కొక్కటే చూడసాగింది.

"ఈ చారలది మీ గడియారం మీదిది బాబూ. ఈ బంగారు చుక్కలది దీని హ్యాండ్‌బ్యాగుది. ఇది మనవరాలి బూట్లది."

చెబుతూ పక్కన పెడుతోంది. దొంతర అయిపోయింది. ఎక్కడో దాటేశాననుకుని మళ్లీ మొదటినుంచి వెతికింది.

"ఈ నీలంది నాదే అనుకున్నాను," అంటూ వెలుగుకు పట్టింది. మధ్యలో పువ్వంత చిల్లుంది. "కాదు. దీని సెంటు సీసా మీదిది. పువ్వు కత్తిరించి దీపానికి అంటించాను."

కాగితాలన్నీ అంచులు కలిపి మళ్లీ దొంతర పెట్టింది.

"నాదంటూ ఏదీ లేదు బాబూ. అన్నీ తీసేయండి."

కూతురికి ముందు కోపమే వచ్చింది. తన తప్పు తనకు కనపడగానే కోపం రావడం ఆమెకు చిన్నప్పటి అలవాటు.

"ఫలానాది కావాలని ఎప్పుడైనా నోరు తెరిచి అడిగావా?"

"మందులు అడుగుతాను. తెస్తున్నావుగా."

అల్లుడు చెప్పులు వెతుక్కునే నెపంతో బయటికి వెళ్లిపోయాడు.

సాయంత్రం కూతురు ఒక ఉన్ని శాలువా కొనుక్కొచ్చింది. చెత్తకు కట్టి గుమ్మం పక్కన పెట్టిన సంచిని గదిలోకి తెచ్చుకుని, అందులోంచి ఆ నీలం కాగితం లాగి నేల మీద కూర్చుంది. ఇన్నేళ్లలో ఆమె ఒక్క బహుమతి కూడా తన చేత్తో చుట్టలేదు. ఎవరికిచ్చినా చుట్టిపెట్టింది అమ్మే. మూల మడిస్తే అంచు లేస్తోంది, అంచు పట్టుకుంటే టేపు వేలికి అంటుకుంటోంది. చిల్లులోంచి శాలువా కనబడుతోంది.

"ఎవరికే అది?" గుమ్మంలో అమ్మ.

"నీకే."

అమ్మ లోపలికి వచ్చింది. మోకాళ్లు పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది. శాలువా వంక చూడలేదు.

"ముందా టేపు తియ్యి. చింపకుండా."

సంచిలోంచి బంగారు చుక్కల కాగితం తీసి, చిన్న ముక్క కత్తిరించి చిల్లు వెనక అతికించింది. నీలం మీద బంగారు పువ్వు పూసింది. గోటితో గీసి అంచులు మడిచింది.

"ఇక్కడ వేలు పెట్టు."

కూతురు వేలు పెట్టింది. తనకొచ్చిన మొదటి బహుమతిని అమ్మ తనే చుట్టుకుంటోంది. ఈ ఇంట్లో ఆ పని చేతనైనవాళ్లు ఇంకొకరు లేరు. ఇక ఆపుకోలేక కూతురు ఏడ్చేసింది. వేలు మాత్రం తీయలేదు.

"తడపకే," అంది అమ్మ, టేపు అంటిస్తూ. "రంగు పోతుంది."