అతుకు దాటని ట్రాలీ

ఉదయం ఏడింటికి వంతెన ఇంజనీరు తన ఆఫీసు తాళం తీస్తుండగా, వెనక నుంచి సైలెన్సర్ బిగించిన పిస్టల్ రెండుసార్లు దగ్గింది. ఎనిమిదింటికల్లా ఏజెంట్ తొమ్మిది చీఫ్ ఎదుట ఉన్నాడు.

"కూర్చోకు, టైం లేదు. నది మీద పాత రైలు వంతెన తెలుసుగా? దాని ఇంజనీర్ని గంట క్రితం కాల్చి చంపారు. రైళ్ళు ఆపేసి, చెక్కలు పరిచి, జనం నడిచే దారి చేశారు. పదింటికి ప్రారంభోత్సవం. పొరుగు దేశం రాయబారి వస్తున్నాడు. ఆయనకేమైనా అయితే శాంతి ఒప్పందం అటకెక్కినట్టే."

"ఎవరి పని సార్?"

"విదేశీ ముఠా. ఈవిడ వాళ్ళ మనిషి." బల్ల మీద ఫోటో పడింది. దేశమంతా టీవీలో చూసే న్యూస్ రీడర్.

"సార్... ఈమె నా మరదలు."

"అందుకే నిన్ను పిలిచాను. ఆమె అబద్ధమాడితే నువ్వే పసిగట్టగలవు. తేడా అనిపిస్తే కాల్చెయ్."

ఏజెంట్ ఫోటోను చేతిలోకి తీసుకున్నాడు. పొద్దున్నే తన భార్యతో ఫోన్లో అరగంట నవ్వుతూ మాట్లాడిన పిల్ల!

తొమ్మిదిన్నరకు అతను వంతెన మీద పెయింటర్ వేషంలో ఉన్నాడు. మూతికి మాస్క్, చేతిలో ఎర్రరంగు డబ్బా, చెవిలో ఇయర్‌పీస్. పేలుడు పదార్థాన్ని పసిగట్టే డిటెక్టర్ కుంచె పిడిలో ఉంది. జ్ఞాపకార్థం వంతెన మధ్యలో ఇరవై గజాల పట్టాలు అలాగే ఉంచి, ఒక చివర పాత ఇనుప ట్రాలీ నిలబెట్టారు. రాయబారి దాని మీద కాస్త దూరం వెళ్తాడట. అక్కడికి రాగానే కుంచె చేతిలో వణికింది.

"ముఖం దాస్తే సరిపోదు బావా, నడక మార్చాలి."

పట్టుచీర, మెరిసే చెవిదుద్దులు, చేతిలో మైకు. ఆమె అతనివైపు చూడకుండానే మాట్లాడింది. "రంగు వేస్తూనే విను. నేను ముఠాలో చేరింది మనవాళ్ళ కోసమే. ఆ సంగతి ఇంజనీరు ఒక్కడికే తెలుసు."

"ఆయన చచ్చిపోయాడు. నీ మాటకి ఋజువేది?"

"ఆయనే నా ఋజువు బావా."

ఆమె గొంతు వణికింది. ఏడుపా, నటనా? పదేళ్ళుగా ఎరిగిన గొంతే అయినా తేల్చుకోలేకపోయాడు.

"బాంబు మన కాళ్ళ కింద, వంతెనను మోసే ఇనుప గర్డర్‌లో ఉంది. స్విచ్ ఈ పట్టాలే. అదిగో, ఆ అతుకు అవతలి పట్టాలకే వైర్లు కలిపారు. ట్రాలీ దాన్ని దాటితే, ఇనుప ఇరుసు రెండు పట్టాల్నీ కలుపుతుంది. కరెంటు పారుతుంది. అంతే."

బ్యాండు మోగింది. రాయబారి అనుకున్నదానికన్నా ముందే వచ్చి ట్రాలీ ఎక్కేశాడు. చుట్టూ రెండువేల మంది చప్పట్లు.

"నిన్ను మాటల్లో పెడుతోంది!" చెవిలో చీఫ్ అరిచాడు. "కాల్చు!"

అతని చెయ్యి చొక్కా కిందికి పోయింది. సేఫ్టీ తీశాడు. ఆమె కదల్లేదు.

చివరిసారి అతుకువైపు చూశాడు. రెండు పట్టాల ముక్కల మధ్య కొత్త ఫైబర్ బిళ్ళ. అటు కరెంటు ఇటు రాకుండా ఆపేది. రైళ్ళే తిరగని పట్టాలకి దీనితో ఏం పని?

ట్రాలీ దొర్లుతోంది. నాలుగడుగులు. రెండు. అతను పిస్టల్ వదిలేసి రంగు డబ్బాను చక్రం కిందికి తోసి, భుజంతో ట్రాలీకి అడ్డం పడ్డాడు. డబ్బా చితికింది. భుజం ఎముక కలుక్కుమంది. చక్రం అతుక్కి బెత్తెడు దూరంలో ఆగింది. రాయబారి తెల్ల సూటంతా ఎర్రరంగు!

గందరగోళంలో మరదలు తన కెమెరామన్ చేత కెమెరాను మెల్లగా జారుకుంటున్న ఒక ఫోటోగ్రాఫర్ మీదికి తిప్పించింది. సైగ అర్థమై ఏజెంట్ ఇయర్‌పీస్‌లో చీఫ్‌కి రెండు మాటలు చెప్పాడు. వంతెన చివర వాణ్ణి పట్టుకున్నప్పుడు సంచిలో సైలెన్సర్ దొరికింది. బాంబ్ స్క్వాడ్ గర్డర్లలోకి దిగింది.

పోలీసులు ఆ 'పెయింటర్‌'ని లాక్కుపోతుంటే ఆమె పక్క నుంచి గొణిగింది.

"సేఫ్టీ తీసిన చప్పుడు విన్నాను బావా."

అతను తల ఎత్తలేదు. ఆమె కళ్ళు తుడుచుకుని కెమెరావైపు తిరిగింది.

ఆ సాయంత్రం కట్టు కట్టిన భుజంతో ఇల్లు చేరేసరికి భార్య టీవీ ముందుంది. ఆ కట్టేమిటని అడిగితే, మెట్ల మీద జారానన్నాడు. తెర మీద మరదలు చెబుతోంది: "ఒక పెయింటర్ అజాగ్రత్త వల్ల కార్యక్రమానికి స్వల్ప అంతరాయం..."

"ఎవడండీ ఆ పనికిమాలినవాడు?" అంది భార్య. "చెల్లి లైవ్ ప్రోగ్రాం అంతా పాడుచేశాడు!"