నాలుగో నంబర్ యూనిట్

మధ్యాహ్నం రెండు నలభై. నాలుగంతస్తుల ఆఫీసు బిల్డింగ్ టెర్రస్ మీద ఏసీ మెకానిక్ చనిపోయి కనిపించాడు.

వ్యాను అంత ఉన్న ఏసీ యూనిట్ ముందు, తెరిచిన ప్యానెల్‌లోకి తల వంచి కూర్చున్నట్టే ఉన్నాడు. దూరం నుంచి చూసినవాడు ఏదో పనిలో మునిగిపోయాడనుకుంటాడు. కుడిచేతి రెండు వేళ్ళ మీద కాలిన మచ్చలు. పక్కన టెస్టర్, స్క్రూడ్రైవర్, మూత తీయని టిఫిన్ బాక్సు.

ఇన్‌స్పెక్టర్ మూడూ పదికి టెర్రస్ ఎక్కింది. ఎండ మాడ్చేస్తోంది. శవాన్ని చూసింది. ఏమీ అనిపించలేదు. ఏడు నెలల క్రితం నాన్న పోయిన దగ్గర్నుంచీ ఆమెకు ఏదీ అనిపించడం లేదు. వేళకు తింటోంది, డ్యూటీకి వస్తోంది, సంతకాలు పెడుతోంది. మనసు మాత్రం మొద్దుబారిపోయింది. పోలీసు ఉద్యోగానికి అది ఒకందుకు మంచిదేనని హెడ్ కానిస్టేబుల్ అభిప్రాయం. ఆయనకు లోకంలో అన్నిటి మీదా అభిప్రాయాలున్నాయి.

కేసు ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. కరెంట్ షాక్. టెర్రస్ మీద పని చేసింది ఇద్దరు. ఒకడు పోయాడు. రెండోవాడు అదుగో, పిట్టగోడ నీడలో కూర్చున్నాడు. చనిపోయినవాడికి స్వయానా బావమరిది. ముప్పై నాలుగేళ్ళుంటాయి. ఒంటిగంటకు టెర్రస్ తలుపు దగ్గర వాళ్ళిద్దరూ గట్టిగా పోట్లాడుకోవడం వాచ్‌మన్ చెవులారా విన్నాడు.

టెర్రస్ మీద మొత్తం ఆరు యూనిట్లు. నాలుగు పనిచేస్తున్నాయి. వాటి మధ్యకు వెళితే ఆ మోతలో పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. నాలుగో నంబర్ రిపేర్‌లో ఉంది. చిట్టచివరి ఆరో నంబర్ పాడై నాలుగు నెలలైంది. దాని ఫ్యాన్ మీద పావురాలు కాపురం పెట్టాయి.

బిల్డింగ్ మేనేజర్ వెంటే తిరుగుతూ అడగని విషయాలు కూడా చెప్పాడు. ఇస్త్రీ చొక్కా, నలభై ఐదేళ్ళ వయసు, మర్యాద మనిషి. ప్రతి యూనిట్ వెనకవైపూ ఒక బూడిదరంగు పెట్టె ఉంటుంది. అందులో పిడికెడంత నల్లటి హ్యాండిల్. దాన్ని బయటికి లాగేస్తే యూనిట్‌కి కరెంట్ ఆగిపోతుంది. మళ్ళీ నొక్కితే వస్తుంది. అంత చిన్న పని. పాపం ఆయన లాగడం మర్చిపోయాడు. పద్దెనిమిదేళ్ళ అనుభవం ఉండి ఏం లాభం?

లేదా, అని మేనేజర్ బావమరిది వైపు చూసి గొంతు తగ్గించాడు, ఆయన లాగాడు, వీడు మళ్ళీ పెట్టాడు. తను మాత్రం ఎవరి మీదా నిందలు వేయదలచుకోలేదట.

హ్యాండిల్ ఇప్పుడు పోలీసుల దగ్గర ప్లాస్టిక్ కవర్లో ఉంది. శవాన్ని ముట్టుకునే ముందు దాన్ని లాగి పక్కన పెట్టింది బావమరిదే. కాబట్టి దాని మీద వాడి వేలిముద్రలు ఉండి తీరతాయి.

ఇన్‌స్పెక్టర్ బావమరిది ముందు గొంతుక్కూర్చుంది.

"ఒంటిగంటకి గొడవ దేనికి?"

అతను పిట్టగోడ పెచ్చు గిల్లుతూ కూర్చున్నాడు.

"ఒకటీ ఇరవైకి కిందికి దిగావట. ఎక్కడికెళ్ళావ్?"

"మూడో అంతస్తు మెట్ల మీద కూర్చున్నా."

"గంటకు పైగానా?"

"నిద్రపట్టింది."

"నువ్వు తిరిగొచ్చేసరికి హ్యాండిల్ పెట్టెలోనే ఉందా?"

"ఉంది."

"నువ్వు పెట్టావా?"

అతను ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత తల దించుకున్నాడు. మళ్ళీ నోరు విప్పలేదు. ఆ కళ్ళలో భయం లేదు. అసలేమీ లేదు. ఆ చూపు ఇన్‌స్పెక్టర్‌కి బాగా తెలుసు. రోజూ పొద్దున అద్దంలో కనిపిస్తుంది.

మౌనమంటే సగం సంతకం పెట్టినట్టేనని హెడ్ కానిస్టేబుల్ అన్నాడు. మర్నాటికల్లా అరెస్ట్ చూపించేయొచ్చట.

సాయంత్రం ఐదూ నలభై ఐదుకు ఆమె చనిపోయినవాడి ఇంటికి వెళ్ళింది. రెండు గదుల ఇల్లు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ముందుగదిలో గోడవారగా కూర్చున్నారు. ఒకావిడ ఒళ్ళో చనిపోయినవాడి చిన్న కూతురు. లోపలిగదిలో భార్య ఆరిన బట్టలు మడతపెడుతోంది. చనిపోయిన మనిషి చొక్కాలవి. ఎవరో వద్దన్నా వినడం లేదట. చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయి కాబోలు.

ఆమె ఏడవలేదు. సూటిగా అడిగింది.

"మా తమ్ముడు చేశాడా మేడమ్?"

ఇంకా తేలలేదని ఇన్‌స్పెక్టర్ చెప్పింది.

"ఏదైనా సరే తేల్చి చెప్పండి. అమ్మ పోయాక వాడిని నేనే పెంచాను. పని నేర్పించమని ఆయన చేతిలో పెట్టింది కూడా నేనే. వాడు చేసుంటే జన్మలో వాడి మొహం చూడను. చేయకపోతే ఇంటికి తెచ్చుకుంటాను. అటో ఇటో తెలియకుండా మాత్రం ఈ రాత్రి గడవదు నాకు."

ఇన్‌స్పెక్టర్ మంచం మీది చొక్కాల వంక చూసింది. ఏడు చొక్కాలు. ఏడింటికీ ఎడమ జేబు కింద రెండు వరసల దారం కుట్టు. ఇంత లావు కుట్టు ఎందుకని అడిగింది.

"ఆ హ్యాండిల్ బరువుకి చిరిగిపోతుంటాయి మేడమ్. పెట్టెలోంచి లాగి జేబులో వేసుకున్నాకే ఆయన ప్యానెల్ మీద చెయ్యేసేది. అది నా జేబులో ఉన్నంతసేపూ నా ప్రాణం నా దగ్గరే ఉన్నట్టు అనేవాడు. రెండుసార్లు మర్చిపోయి ఇంటికే తెచ్చేశాడు. ఆ బిల్డింగ్ వాళ్ళు ఉడికిపోయి ఫోన్ల మీద ఫోన్లు."

ఆమె నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టర్ జీపు ఎక్కుతూనే స్టేషన్‌కి ఫోన్ చేసి, శవం జేబుల్లో దొరికిన వస్తువుల లిస్ట్ చదవమంది. హెడ్ కానిస్టేబుల్ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. చదువుతుంటే ఆ గర్వం గొంతులో వినిపిస్తుంది. ఒకటి, సెల్‌ఫోన్. రెండు, దువ్వెన. మూడు, పెన్సిల్. అలా సాగింది. ఏడు, తాళంచెవి. పన్నెండు, ఎడమ జేబులో నల్ల ప్లాస్టిక్ పనిముట్టు, అడుగున రాగిరేకులు.

"ఆ పన్నెండోది ఏంటి?"

మెకానిక్‌ల సామాను ఏదో అయ్యుంటుందని ఆయన చెప్పాడు.

"కవర్లో ఉన్న హ్యాండిల్ పక్కన పెట్టి చూడండి."

ఫోన్‌లో కాసేపు కాగితాల చప్పుడు. తర్వాత, "రెండూ ఒకటే మేడమ్," అన్నాడు, అంతే. హెడ్ కానిస్టేబుల్‌కి అభిప్రాయం లేకపోవడం అదే మొదటిసారి.

మర్నాడు తొమ్మిదిన్నరకు ఆమె ఒక్కతే టెర్రస్ మీద ఆరు పెట్టెలూ తెరిచి చూసింది. ఒకటి, రెండు, మూడు, ఐదు: హ్యాండిల్ ఉంది. నాలుగు ఖాళీ, దానిది పోలీసులు తీసుకున్నారు. ఆరో నంబర్ దగ్గర పావురాలు రెక్కలు కొట్టుకుంటూ లేచాయి. పెట్టె మూత మీద నాలుగు నెలల దుమ్ము. ఆ దుమ్ములో నాలుగు వేళ్ళు జారిన గుర్తు. లోపల ఖాళీ.

తర్వాత టెర్రస్ తలుపు చూసింది. అది మూసుకుంటే తాళం దానంతటదే పడిపోతుంది. మెట్లవైపు నుంచి తెరవాలంటే తాళంచెవి కావాలి. ఎన్ని ఉన్నాయని వాచ్‌మన్‌ని అడిగింది. రెండేనట. ఒకటి మెకానిక్‌కి ఇచ్చారు. రెండోది మేనేజర్ గదిలో. నిన్న రెండూ ముప్పై ఎనిమిదికి బావమరిది తలుపు బాది బాది, ఎవరూ తీయకపోతే వచ్చి మేనేజర్‌ని పిలిచాడు. మేనేజర్ వచ్చి తెరిచాడు. వాచ్‌మన్ కూడా వెంటే ఉన్నాడు.

డాక్టర్ రిపోర్ట్ పదింటికి వచ్చింది. ఒకటీ నలభై ఐదుకీ రెండుంబావుకీ మధ్య చనిపోయాడు.

చివరగా నాలుగో అంతస్తు ఆఫీసుకు వెళ్ళింది. నాలుగో నంబర్ యూనిట్ చల్లబరిచేది ఆ అంతస్తునే. రిసెప్షనిస్ట్ ఇంకా విసుక్కుంటూనే ఉంది. నిన్న పెద్ద మీటింగ్. బయటి నుంచి పదిమంది అతిథులు. హాల్లో ముప్పై రెండు డిగ్రీలు. మేనేజర్‌కి ఏడుసార్లు ఫోన్ చేసిందట. మాటలతో పని జరగక మెసేజ్‌లు కూడా పెట్టిందట. తన ఫోన్ తీసి చూపించింది. వాటికి వచ్చిన చివరి జవాబుని ఇన్‌స్పెక్టర్ రెండుసార్లు చదివింది.

పదకొండింటికి అందర్నీ టెర్రస్ మీదికి, యూనిట్ల మోతకు దూరంగా పిట్టగోడ దగ్గరికి పిలిపించింది. మేనేజర్, వాచ్‌మన్, హెడ్ కానిస్టేబుల్. స్టేషన్ నుంచి బావమరిదిని తెచ్చారు. అతని అక్క తనూ వస్తానంది. రావద్దని చెప్పే హక్కు ఎవరికీ లేదు. తమ్ముడికి పది అడుగుల దూరంలో నిలబడింది. అతని వైపు చూడలేదు.

ఇన్‌స్పెక్టర్ గొంతు పెంచకుండా మొదలుపెట్టింది. ఆరు యూనిట్లకు ఆరు హ్యాండిళ్ళు. చనిపోయిన మెకానిక్ ఏదీ మర్చిపోలేదు. నాలుగో నంబర్ హ్యాండిల్ లాగి, ఎప్పటిలాగే జేబులో వేసుకున్నాడు. నిన్న మధ్యాహ్నం నుంచీ అది పోలీసుల లిస్ట్‌లో పన్నెండో వస్తువుగా ఉంది. చూసినవాళ్ళు లేరు.

బావమరిది తలెత్తాడు.

మరి నాలుగో నంబర్ పెట్టెలో ఉన్న హ్యాండిల్ ఎక్కడిది? ఆరో నంబర్ పెట్టెలోది. అన్నీ ఒకే కొలత. ఏది ఎందులోనైనా పడుతుంది. దాన్ని తెచ్చి పెట్టినవాడికి ఈ పని తెలియదు.

"ఖాళీ పెట్టె చూస్తే నువ్వేం చేస్తావ్?" అని బావమరిదిని అడిగింది.

"ముట్టుకోను," అన్నాడు. "లోపల ఎవరో చెయ్యి పెట్టి ఉన్నట్టు లెక్క."

"మేనేజర్‌గారూ, మీరైతే ఏమనుకుంటారు?"

మేనేజర్ జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"హ్యాండిల్ ఎక్కడో పోయిందనుకుంటారు. వేరేది వెతికి పెడతారు. పెట్టె యూనిట్ వెనక ఉంది, మనిషి ముందు ఉన్నాడు. అటు నిలబడితే ఇటు కనపడదు. అరిచినా ఆ మోతలో వినపడదు. ఇక తలుపుకున్నవి రెండే తాళంచెవులు. మెకానిక్‌ది ఆయన జేబులోనే ఉంది. రెండోది మీ దగ్గర."

తను తలుపు తెరిచింది వాచ్‌మన్‌తో వచ్చినప్పుడే, అంతకుముందు పైకి రానే లేదని మేనేజర్ అన్నాడు. ఇన్‌స్పెక్టర్ మెసేజ్ చదివి వినిపించింది. రెండూ ఏడు నిమిషాలకు ఆయన రిసెప్షనిస్ట్‌కి పంపినది.

"'ఇప్పుడే పైకొచ్చి ఆన్ చేశాను. ఐదు నిమిషాల్లో చల్లబడుతుంది.'"

మేనేజర్ పిట్టగోడ మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా చెమటకు తడిసిపోయింది.

"భోజనానికి వెళ్ళారనుకున్నా," అన్నాడు చివరికి. "మనిషి కనపడలేదు. నొక్కాను, మెసేజ్ పెట్టాను. ఫ్యాన్ తిరగలేదు. ఎందుకు తిరగలేదా అని ముందుకొచ్చి చూశాను."

"చూసి?"

"కదలడం లేదు. భయమేసింది. కిందికెళ్ళి నా గదిలో కూర్చున్నా."

"ఎంతసేపు?"

"అతనొచ్చి తలుపు తీయమనేదాకా."

అరగంట. కరెంట్ కూడా ఆపకుండా, డాక్టర్‌ని పిలవకుండా, అరగంట. తర్వాత తాళంచెవి తీసుకుని, ఏమీ ఎరగనట్టు మెట్లెక్కాడు. నేరం బావమరిది మీద పడుతుంటే అడ్డు చెప్పలేదు సరికదా, ఆ దారి చూపించింది ఆయనే. ఇన్‌స్పెక్టర్‌కి కోపం రావాలి. వస్తుందేమోనని చూసింది. రాలేదు. హెడ్ కానిస్టేబుల్‌కి సైగ చేసింది. ఆయన మేనేజర్ జబ్బ పట్టుకుని కిందికి తీసుకెళ్ళాడు. వాచ్‌మన్ తల గోక్కుంటూ వాళ్ళ వెనకే దిగిపోయాడు.

అక్క ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

"అయితే మావాడు చేయలేదు."

"చేయలేదు."

"మరి గొడవ దేనికి?"

దీనికి జవాబు ఇన్‌స్పెక్టర్ చెప్పేది కాదు. బావమరిదే చెప్పాలి. చెప్పాడు, నేల వైపు చూస్తూ, ఒక్కొక్క మాటా కూడదీసుకుంటూ. బావ పనిచేసేటప్పుడు రెండోవాడు పెట్టె దగ్గర నిలబడి ఉండాలి. అది బావ పెట్టుకున్న పద్ధతి. హ్యాండిల్ నీ జేబులో ఉంటే మళ్ళీ నా కాపలా ఎందుకు, ఎండలో నన్ను మాడ్చడానికి కాకపోతే అని తను ఎదురుతిరిగాడు. మాటా మాటా పెరిగింది. తలుపు ధడాలున వేసి కిందికి దిగిపోయాడు. తిరిగొచ్చి, పెట్టెలో హ్యాండిల్ చూసి, తనతో పోట్లాడిన కోపంలో బావ మొదటిసారి లాగడం మర్చిపోయాడనుకున్నాడు. రాత్రంతా లాకప్‌లో అదే అనుకున్నాడు.

"నేను పెట్టె దగ్గరే ఉండుంటే బావ బతికేవాడక్కా."

అదేం లేదు, నీ తప్పేముంది అని ఆమె అంటుందని ఇన్‌స్పెక్టర్ అనుకుంది. అందరూ అలాగే అంటారు. నాన్న పోయినప్పుడు తనతోనూ అందరూ అలాగే అన్నారు. ఆ మాట ఒక్కసారి కూడా లోపలికి దిగలేదు.

"అవును," అంది అక్క. "బతికేవాడు."

అతను ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు అక్కడే కూలబడి ఏడ్చాడు. నిన్నటి నుంచీ ఎవరూ అతనికి ఆ ఒక్క మాట చెప్పలేదు. ఆమె కూడా ఏడుస్తోంది, చప్పుడు లేకుండా. దగ్గరికి వెళ్ళి భుజం పట్టుకుని లేపింది.

"లే. పిల్ల రాత్రి చాలాసేపు మామయ్య ఏడీ అని ఒకటే గోల. ఏం చెప్పాలో తెలీక నిద్రపుచ్చాను. ఇంటికి పద."

ఆమె ముందు నడిచి తలుపు తెరిచింది. అతను గడప ఇవతల ఆగిపోయాడు. అతను అడుగు వేసేదాకా ఆమె, తలుపు మూసుకోకుండా చేత్తో పట్టుకుని నిలబడింది.