ఒకసారి పైనుంచి, ఒకసారి కిందినుంచి

"మన దేశంలో పన్నెండు నెలలూ ఎండలే. అలాంటి చోట సమ్మర్ కోర్సు పెట్టారంటేనే నాకు డౌటు కొట్టింది," అన్నాడు చీఫ్ దొరసామి, టీ గ్లాసు పక్కకి జరిపి.

బ్రిక్‌ఫీల్డ్స్‌లో మలయ్ రాజధానిలో మనవాళ్ళుండే ఆ పేటలో, మోనోరైలు కింద చిన్న హోటలు. శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నర. ఎదుట కూర్చున్న ఏజెంట్ శ్రీకుమార్ అటూ ఇటూ చూసి ముందుకు వంగాడు.

"ఏమైంది సర్?"

"ఉదయ్ పేరు బయటికి పోతోంది. ఈరోజే. ఆ క్లాసులోంచే."

ఉదయ్ శ్రీకుమార్‌కి ప్రాణ స్నేహితుడు. ఆరు నెలలుగా కువాలా సెలంగోర్ తీరంలో ఆయుధాలు చేరవేసే విదేశీ ముఠా పడవలో కూలీ వేషంలో ఉన్నాడు. మూడు నెలల కిందట కూతురు పుడితే ఇంకా మొహం చూడలేదు.

"క్లాసు మూయించేద్దాం."

"మూయిస్తే ముఠాకి అనుమానం వస్తుంది. పడవలో ఉదయ్‌తో కలిపి కొత్తవాళ్ళు ముగ్గురున్నారు. ముగ్గురినీ సముద్రంలోకి తోసేస్తారు. సాయంత్రం ఐదింటికి పడవ ఒడ్డుకొస్తుంది, మనవాళ్ళు ఉదయ్‌ని తప్పిస్తారు. అందాకా ఆ పేరు గడప దాటకూడదు."

"అమ్మిందెవరు?"

"మన ఆఫీసులోనే ఎవరో. తెలీదు. ఫోన్లన్నీ నిఘాలో ఉన్నాయి, అందుకే ఈ దొంగదారి. మన ఏజెంట్ కోగిల సోమవారం నుంచీ నీతోపాటే క్లాసులో ఉందిగా, ఈరోజూ తోడుంటుంది."

ఆ కోర్సు ఐరిష్ కళల చరిత్ర. ఐదు రోజులు, పన్నెండు మంది. సోమవారం నుంచీ శ్రీకుమార్ అందులో విద్యార్థి. కళ్ళజోడు ఫ్రేములో కెమెరా, పక్కన ఎవరికీ అనుమానం రాకుండా తెలుక్ ఇంటాన్ ఊరి నుంచి పిలిపించిన పెద్దమ్మ కూర్మమ్మ. నలభై ఏళ్ళు ఎస్టేటులో పనిచేసిన మనిషి, పొద్దున్నే గుమ్మంలో పిండిముగ్గు వెయ్యనిదే కాఫీ ముట్టదు. కొడుకులాంటి పిల్లడు ముచ్చటపడి ముగ్గుల క్లాసులో చేర్పించాడని ఆవిడ సంబరం!

టీచరు పేరు ఓర్లా. ఎర్ర జుట్టు, పచ్చ గౌను. ఉదయం రాతి శిలువలూ వెండి పిన్నులూ తెర మీద చూపించేది. మధ్యాహ్నం, పాతకాలపు ఐరిష్ సన్యాసులు తోలు కాగితాల మీద గీసిన మెలికల్ని చుక్కల కాగితం మీద పెన్సిలుతో గీయించేది.

"దారం ఒకసారి పైనుంచి వెళ్తే, మరుసటిసారి కిందినుంచి వెళ్ళాలి. ఎక్కడా తెగకూడదు," అని రోజూ చెప్పేది.

నాలుగింటికి బొమ్మలన్నీ గోడకి పెట్టి ఫొటో తీసి, కోర్సు పేజీలో పెట్టేసేది. ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చు. ఫొటో కింద ఆవిడ రాసే రెండు ముక్కల మీదే శ్రీకుమార్ అనుమానమంతా.

కోగిల కూడా అదే అంది. పట్టు చీర, కళ్ళకి కాటుక, ఆఫీసులో సగం మంది ఆమె వెనకాలే. "శ్రీ, నువ్వు దొరసానిని చూడు. బొమ్మల సంగతి నేను చూసుకుంటాను లా," అంది, ఇక్కడి అలవాటుగా మాట చివర లా తగిలిస్తూ.

మూడున్నరకి టీ. కూర్మమ్మ తప్ప అందరూ వరండాలోకి వెళ్ళగానే శ్రీకుమార్ ఓర్లా సంచి వెతికాడు. రంగు పెన్సిళ్ళు, దగ్గు బిళ్ళలు. అంతే.

మూడు యాభై ఎనిమిది. ఓర్లా ఫొటో తీసి టైపు చేస్తోంది.

"కోడ్ టైపు చేస్తోంది! పట్టుకో!" కోగిల చెవిలో అంది.

శ్రీకుమార్ ఒక్క ఉదుటున ఫోను లాక్కున్నాడు. తెర మీద, 'ఆఖరి రోజు. అందరూ చక్కగా గీశారు' అని ఉంది. ఇంకేమీ లేదు. ఓర్లా మొహం జేవురించింది.

"అయ్యయ్యో, సారీ మేడమ్," అంటూ కోగిల అతని చేతిలోంచి ఫోను తీసుకుని, తనే పోస్ట్ నొక్కింది. సరిగ్గా నాలుగు. ఫోను ఓర్లాకి ఇచ్చేసి, బ్యాగు తగిలించుకుని చరచరా మెట్లవైపు నడిచింది.

"ఏటిరా ఆ పిల్ల అలాగెలిపోతంది?" కూర్మమ్మ మూతి ముడిచింది. "దాని ముగ్గు నానే దిద్దినాను. తనకింకా తెల్దు."

"దిద్దడమేంటి పెద్దమ్మా?"

"నాలుగు రోజులూ సక్కగా ఏసింది. ఈయేళ మొదటి వరసంతా తప్పులే. రెండేసి సార్లు పైకే ఎల్లినాది దారం. అదీ సుక్కలు లెక్కెట్టి మరీ ఏసినాది. లెక్కెట్టుకున్నోళ్ళు అన్ని తప్పులు ఏత్తారేటి? గోడకెడితే పరువు పోద్దని, టీ టైములో రబ్బరెట్టి తుడిచి సరిగ్గా గీసేసినాను లా. తప్పు ముగ్గు కళ్ళెదట ఉంటే నాకు ముద్ద దిగదు."

శ్రీకుమార్ మెట్లవైపు పరుగెత్తాడు. తప్పులే అక్షరాలు! పెద్దమ్మ చెరిపేసిన ఆ వరసలోనే ఉదయ్ పేరు ఉండేది. తప్పుల్లేని బొమ్మ అంటే, నాలుగు రోజుల్లాగే, ముఠాకి చెప్పేదేమీ లేదని.

మెట్ల మీద కోగిల తన ఫోనులో పేజీ తెరిచి చూసుకుంటోంది. మొహం పాలిపోయింది.

"ఇది... నేను గీసింది కాదే!"

"కాదు," అని శ్రీకుమార్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "మా పెద్దమ్మ గీసింది."

ఆమె రెండో చేత్తో సందేశం కొట్టబోయింది. అతను ఫోనుని తట్టి పడేశాడు. అది మెట్లన్నీ దొర్లుకుంటూ పోయి వీధిలో పడింది.

ఐదుంబావుకి ఉదయ్ దగ్గర్నుంచి కాల్ వచ్చింది. మొదటి మాటే, "ఒరే, పాపది ఎవరి పోలిక రా?"

"నువ్వే వచ్చి చూసుకో," అన్నాడు శ్రీకుమార్.

కోగిలని జీపెక్కించాక దొరసామి రిపోర్టు ఫారం తీసి, "కుట్ర భగ్నం చేసిన ఏజెంట్ పేరు?" అని అడిగాడు. శ్రీకుమార్ పెద్దమ్మవైపు చూశాడు.

కూర్మమ్మ జీపువైపే చూస్తోంది. "పిల్లకి సెయ్యి మంచిదే బాబూ. జైల్లో తీరికుంటాది కదా, రమ్మంటే నానెల్లి నేర్పుతాను లా. రబ్బరు మాత్రం మీరే కొనాల."