కాలేయదుర్గం అన్నదమ్ములు

సుగంధపురి రాజు మణిధరుడు విజయోత్సవపు విందులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. పిలిస్తే పలకలేదు, గిల్లితే ఉలకలేదు. "విషప్రయోగం!" అని అరిచాడు సేనాపతి దుర్జయుడు. రాజు తినేదీ తాగేదీ ముందుగా రుచి చూసే భద్రపాలుడు మాత్రం ఎదురుగా నిక్షేపంగా నిలబడి ఉన్నాడు. అనుమానానికి అంతకంటే ఏం కావాలి? అతని చేతులకు సంకెళ్లు పడ్డాయి. సూర్యాస్తమయంలోగా రాజు లేవకపోతే తల తీయిస్తానని సేనాపతి ప్రకటించాడు.

భద్రపాలుడి కూతురు కేతకి తండ్రి దగ్గరే రుచి చూసి విషం పసిగట్టే విద్య నేర్చుకుంది. ఆ పిల్లకు లోకంలో ఎవరిమీదా నమ్మకం లేదు. తల్లి వడ్డించిన అన్నమైనా వాసన చూడందే ముద్ద ఎత్తదు. "విషం పెట్టింది మా నాన్న కాదు. మరి ఎవరు?" అనుకుంటూ ఆమె వంటవాణ్ణి అనుమానించింది, వైద్యుణ్ణి అనుమానించింది, సేనాపతినైతే రెండుసార్లు అనుమానించింది. చివరికి దిక్కుతోచక, అడవికి అడ్డంపడి ఒక యోగిని ఉండే గుహకు పరుగెత్తింది.

యోగిని ఆమె చేతిలో ఒక గుటికా, చిటికెడు భస్మమూ పెట్టింది. "గుటిక మింగితే ఆవగింజంత అవుతావు, బయటికి వస్తే మళ్లీ మామూలవుతావు. రాజు ఒంట్లోకి వెళ్లి చూడు. విషం వండేవాడు కనిపిస్తే భస్మం చల్లు, నిద్రపోతాడు."

"ఈ గుటికలో ఏం కలిపారు?" అంది కేతకి.

యోగిని నవ్వింది. "నమ్మకపోతే మానెయ్యి తల్లీ. పొద్దు మాత్రం నీకోసం ఆగదు."

కేతకి రాజు మంచం పక్కకు వచ్చి గుటిక మింగింది. ఆవగింజంతై, ఆయన నాలుక మీంచి జారి జఠరగుహలో పడింది. అక్కడ సారా చెరువులా నిండి ఉంది. గట్టున ఒక రాక్షసి కూర్చుని రోకలితో దాన్ని పొడుస్తోంది.

"ఏం చేస్తున్నావు?" అని గద్దించింది కేతకి.

"కనిపించడం లేదూ? వచ్చిన సారాలో కాస్త ఇక్కడే విరగ్గొడుతున్నాను. నా ఒక్కదానివల్ల ఏమవుతుంది పిల్లా? మిగతాదంతా ఎర్రనదిలో కలిసిపోతోంది. కాలేయదుర్గంలో అన్నదమ్ములున్నారు. అసలు పని వాళ్లది."

'కాపలాదారువై ఉండి దొంగను ఊళ్లోకి వదిలేస్తావా? నీమీదా ఓ కన్నేసి ఉంచాలి' అనుకుని కేతకి ఎర్రనదిలో దూకింది. నది ఆమెను ముందు శిరోదుర్గం వైపు తీసుకుపోయింది. అక్కడి కావలివాళ్లందరూ సారా తగిలి ఎక్కడివాళ్లక్కడ పడి ఉన్నారు. ఒకడు మాత్రం గోడకు ఆనుకుని, రాజు ఊపిరి ఆగకుండా చూసుకుంటూ తూలుతున్నాడు.

నది మలుపు తిరిగి కాలేయదుర్గం చేరింది. లోపల ఇద్దరు రాక్షసులు పక్కపక్కనే పనిచేస్తున్నారు. పెద్దవాడు సారా బొట్లను సుత్తితో విరుస్తుంటే మాగిన పండు వాసన గుప్పుమంటోంది. చిన్నవాడు ఆ ముక్కలను అందుకుని పిండుతుంటే పుల్లటి వాసన ముక్కు బద్దలు కొడుతోంది. పులిసిన వాసన వస్తే పారబొయ్యమన్నది తండ్రి నేర్పిన తొలి పాఠం. కేతకి ఇంక ఆలోచించలేదు. చిన్నవాడి ముఖాన భస్మం చల్లింది. వాడు దభీమని పడి గురకపెట్టాడు.

"ఎంత పని చేశావే పిల్లా!" అని పెద్దవాడు లబోదిబోమన్నాడు.

"వాడు విషం వండుతున్నాడు!"

"విషం వండేది వాడు కాదు, నేను!"

పెద్దవాడు సుత్తి ఆపకుండానే చెప్పుకుపోయాడు.

"సారాను విరిస్తే తిన్నగా మంచినీళ్లవుతాయా? ముందు అంతకంటే పాడు విషం పుడుతుంది. అది నిలవకుండా తమ్ముడు దాన్ని పుల్లటి నీళ్లుగా మార్చేస్తాడు. ఆ నీళ్లను ఒళ్లంతా వాడుకుని నీరుగా, ఊపిరిగా బయటికి పంపేస్తుంది. ఇప్పుడు వాణ్ణి పడుకోబెట్టావు!"

"అయితే నువ్వూ ఆపు!"

"సారా వస్తున్నంతసేపూ నా చేతులు ఆగవు తల్లీ. నా పుట్టుకే అంత."

చూస్తుండగానే విషం గుట్టపడింది. నది సెగలు కక్కింది. పైన ఎక్కడో రాజు గుండె భేరీ దడదడలాడసాగింది. చేజేతులా రాజునూ, ఆయనతోపాటు తన తండ్రినీ చంపుకుంటున్నానని తెలిసి కేతకి బావురుమంది. ఏడుస్తూనే నదినీళ్లు దోసిళ్లతో తెచ్చి చిన్నవాడి ముఖం మీది భస్మం కడిగింది. వాడు లేచి, ఎవరు నువ్వని కూడా అడగకుండా పనిలో పడ్డాడు. ఆమెకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

"నన్ను మన్నించండి. కాస్త తొందరగా కానివ్వండి. పొద్దుగూకితే మా నాన్న ఉండడు."

"మజ్జిగ పోసినా, చన్నీళ్లు కుమ్మరించినా మా చేతులు ఇంతకంటే వేగం కావమ్మా," అన్నాడు పెద్దవాడు. "ఇదంతా తేలాలంటే తెల్లవారాలి."

"అసలు ఈ విషం పంపిందెవరు?"

"సారా తప్ప ఇక్కడికి వేరే విషమేదీ రాలేదు. వచ్చిందంతా నోటి దారినే వచ్చింది. ఆ నోరు ఎవరిదో నువ్వే చూసుకో."

కేతకి మళ్లీ ఎర్రనదిలో దూకి, సారా కంపు కొడుతున్న రాజు ఊపిరితోపాటు బయటపడి మామూలు మనిషైంది. వధ్యశిల దగ్గరకు చేరేసరికి సూర్యుడు కొండల్లోకి దిగుతున్నాడు.

"ఆపండి! విషం లేదు, సారా ఎక్కువైంది, అంతే! తెల్లారేసరికి ప్రభువు లేస్తారు!"

"నిన్నెందుకు నమ్మాలి?" అన్నాడు దుర్జయుడు.

కేతకి ఇన్నేళ్లూ అందరినీ అడిగిన ప్రశ్న అది. "నా మాట తప్ప నా దగ్గర ఏమీ లేదు. ఆయన లేవకపోతే నా తల కూడా తియ్యండి," అంది.

అక్కడే నిలబడి ఉన్న రాణి ముందుకు వచ్చింది. "తెల్లారేదాకా ఆగు, దుర్జయా."

రాజును పక్కకు తిప్పి పడుకోబెట్టి అందరూ కాపలా కూర్చున్నారు. తూర్పు ఎర్రబడేసరికి మణిధరుడు తల పట్టుకుని లేచాడు. సంగతంతా విని, "నన్ను ఇంతకు తెచ్చిన ద్రోహి ఎవడు?" అని గర్జించాడు.

"తమరే, ప్రభూ," అంది కేతకి. "మా నాన్న ఒక్క గుక్క రుచి చూసి ఇచ్చాడు. కుండ ఖాళీ చేసింది తమరు."

దుర్జయుడి చెయ్యి కత్తిపిడి మీదికి వెళ్లింది. రాజు తల అడ్డంగా ఊపి అతన్ని ఆపాడు. తర్వాత మంచం దిగి, తూలుకుంటూ వెళ్లి, భద్రపాలుడి సంకెళ్లు తన చేతులతోనే విప్పాడు. "నా తప్పుకు నీ తల పోయేది," అంటుంటే ఆయన కళ్లు నిండాయి.

కేతకి పెరిగి పెద్దదై ఆ రాజ్యానికే మంత్రిణి అయింది. సుగంధపురిలో ఆనాటి నుంచి ఎంతటి నేరం మోపబడినవాడినైనా అదే రోజు శిక్షించరు. ఒక రాత్రి గడవనిస్తారు.