తాళమేసిన జారుడుబండ

బోధన్‌ల ఫ్యాక్టరీ తొవ్వ మీద యువజన పార్కు ఉండె. చెరుకు బండ్లోళ్లు చీకటి పడినంక ఎడ్లను సుత అటు దిక్కు సూడనియ్యకపోతుండిరి. పగలు ఆ పార్కుకు తాళం. రాత్రయితే... లోపల రేకు జారుడుబండ మీద తెల్లగ ఒకటి పైకెక్కుతది. పైన నిలబడ్తది. సర్రుమని కిందికి దిగుతది. మల్ల ఎక్కుతది.

మనిషయితే ఒక్కపారి దిగి ఇంటికి పోతడు. అది పోదు.

ఒక బండాయనకు గాలి సోకి మూడొద్దులు జ్వరమొచ్చింది. పార్కు కమిటీ వాళ్లు మాత్రం నమ్మలే. నమ్మేటందుకు సుత వాళ్లకు తీర్మానం కావాలె.

అది పందొమ్మిదొందల అరువై నాలుగు నాటి ముచ్చట. కమిటీ పేరు యువజన వినోద కమిటీ. అధ్యక్షుడు బాపురావుకు అరువై రెండేండ్లు. అందరికన్న చిన్నోడు కార్యదర్శి సాయన్న. ఆయనకు మొన్ననే మనుమడు పుట్టిండు. పార్కు కట్టి రెండేండ్లాయె. మంత్రి వచ్చి రిబ్బను కత్తిరించాలె. ఇయ్యాల వస్తడు, రేపు వస్తడు అనుకుంట తాళం తియ్యలే. ఊరి పోరగాండ్లు కంచె పట్టుకొని బయట నుంచే సూసి పోతుండిరి. వాళ్లకు గదే వినోదం.

అందరికన్న కడుపు మండింది రాజమల్లు ఉస్తాద్‌కు. అంతకుముందు ఆ జాగల ఆయన కుస్తీ తాలీం ఉండె. నలభై ఏండ్లు పసుపు, నూనె, మజ్జిగ పోసి కలిపిన ఎర్రమట్టి. ఎంత మంది కుస్తీ నేర్సుకున్నరో ఆ మట్టిల. కమిటీ దాన్ని ఎత్తి రోడ్డు గుంతలల్ల పోయించింది. ఆనాటి నుంచి రాజమల్లు ఆ రోడ్డు మీద అడుగు పెట్టలే. బజారుకు పోవాల్నంటే పొలం గట్ల మీదికెళ్లి చుట్టు తిరిగి పోతుండె.

దయ్యం ముచ్చట చెవిల పడంగనే మీసం దువ్వుకుంట కమిటీ ఆఫీసుకు పోయిండు.

"దయ్యమున్న జాగల పోరగాండ్లను ఎట్ల ఆడిపిస్తరు? నా జాగ నాకియ్యిండ్రి."

సాయన్న కాయితం తీసి తీర్మానం రాసిండు. రాజమల్లు ఒక రాత్రి లోపల ఉండి సూడాలె. దయ్యం ఉంటే జాగ తాలీంకు. లేకుంటే పార్కుకు, మల్ల ముచ్చట లేదు.

"ఎందుకు ఉస్తాద్... చలికాలం," అని గొణిగిండు బాపురావు.

"నీకు సలి పెడ్తె నువ్వు ఇంట్ల పండు," అన్నడు రాజమల్లు.

ఆ రాత్రి కంచె దుంకి, జారుడుబండ పక్కన గొంగడి కప్పుకొని కూసున్నడు. ఫ్యాక్టరీ దిక్కుకెళ్లి కాలిన బెల్లం వాసన. సైరను మోగి ఆగింది. అటెనుక ఏ సప్పుడు లేదు.

టక్... టక్...

ఇనుప మెట్ల మీద అడుగులు.

యాభై మంది పహిల్వాన్లను మట్టి కరిపించిన ఉస్తాద్ గొంగడి గదుమ దాక గుంజుకున్నడు. ఆంజనేయుని పేరు సగమే యాదికొచ్చింది. పైన తెల్లగ నిలబడ్డది — సర్రుమని దిగింది — వచ్చి ఆయన కాళ్ల కాడ పడ్డది. మెల్లగ మూలిగింది...

"అమ్మ... నడుము."

దయ్యానికి నడుము నొప్పి ఎక్కడిది? రాజమల్లు వంగి మెడ దొరకవట్టిండు. బనీను. ధోతి. మొలతాడుకు పార్కు తాళంచెవి.

బాపురావు.



"అరువై రెండేండ్లకు ఇదేం పని సాబ్?"

"మెల్లగ ఉస్తాద్. పరువు పోతది... తొమ్మిదేండ్లకే మా బాపు నన్ను దుకాణంల కూసోవెట్టిండు. ఆడింది లేదు. ఒక్కపారి సూద్దామనుకున్న..." ఊపిరి తీసుకున్నడు. "ఆగలేకపోతున్న."

"రేపు ఊరంత చెప్త."

"చెప్తే దయ్యం లేదని తేలుతది. నీకు జాగ రాదు."

అది నిజమే. రాజమల్లు మెడ ఇడిసిపెట్టిండు. "అయితే దయ్యమున్నదనే చెప్త. జాగ నాకు రాసియ్యాలె."

"రాసిస్త. రేపే బండ పీకిస్త."  బాపురావు రేకును అరచేత్తోటి తుడిసిండు, బర్రె వీపు నిమిరినట్టు. "పీకకముందు... నువ్వొక్కపారి జారి సూడు."

"నేనా?"

రాజమల్లు చుట్టు సూసిండు. ఎవ్వలు లేరు.

తెల్లారి కమిటీ కూసున్నది. సాయన్న కలం తెరిసిండు. "ఉన్నదా ఉస్తాద్?"

"ఉన్నది."

"మరి జాగ తాలీంకు రాయాల్నా?"

రాజమల్లు నేల దిక్కు సూసుకుంట అన్నడు: "ఇప్పుడే వద్దు. దాన్ని కదిలిస్తే ఊరికి మంచిది గాదు. తాళం గట్లనే ఉండనియ్యిండ్రి."

కమిటీ ఏకగ్రీవంగ ఒప్పుకున్నది. ముచ్చట తెలిసి పార్కు బయటి పోరగాండ్లు కంచె ఇడిసిపెట్టి ఇండ్లకు పోయిండ్రు.

ఆ రాత్రి ఇద్దరు ఒకరెనుక ఒకరు జారిండ్రు. కింద ఇసుకల పక్కపక్కన కూసుండి, నోటికి కండువ అడ్డం పెట్టుకొని నవ్వుతున్నరు.

టక్...

నవ్వు ఆగింది.

"తాళం ఏసినవా సాబ్?"

"ఏసిన."

టక్... టక్... టక్...

అడుగులు మెట్లన్ని ఎక్కి ఆగినయి. పైన ఎవలో నిలబడి, కింద వీళ్లిద్దరు పక్కకు జరిగేదాక ఎదురుసూస్తున్నరు.