పన్నెండు సీసాలు, ఒక కిటికీ

మంగళవారం ఉదయం పదీ నలభైకి ఆమె నా గాజు సీసాను దీపానికి ఎదురుగా పట్టుకుని, అందులో వెండి కంటే ముందు నా వేలిముద్ర కనిపిస్తోందని చెప్పింది.

"సీసాని మూత దగ్గర పట్టుకోవాలి," అంది. "మధ్యలో కాదు. వెలుగు వెళ్లేది అక్కణ్ణుంచే."

"తుడిచే తెచ్చానండి."

"తుడిచాక పట్టుకున్నారు."

అది నిజం. ఆరేళ్లుగా ఈ పని చేస్తున్నాను. కొత్తగా చేరినవాళ్లకు సీసా ఎలా పట్టుకోవాలో నేర్పేది నేనే.

"మీ పేరేంటి?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే తన పుస్తకంలో ఏదో రాసుకుంది. బల్ల మీదికి వంగి తలకిందులుగా చదివాను. 'నమూనా 1. తెచ్చినవారు: వేలిముద్ర.'

నేను పనిచేసేది కింది అంతస్తులో, లేజర్ గదిలో. నీళ్లలో వెండి రేకు పెట్టి దాని మీద లేజర్ కొడతాను. రేకు నుంచి కంటికి కనపడనంత చిన్న రేణువులు రాలి, నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. ఆమె మూడో అంతస్తులో ఆ నీళ్ల గుండా వెలుగు పంపి, ఏ రంగు వెలుగును అవి ఎంత మింగుతున్నాయో కొలుస్తుంది. అన్నిటిలోకీ బాగా మింగే వెండిని గ్రాఫీన్ పొర మీద వేయాలి. గ్రాఫీన్ అంటే ఒక అణువు మందాన ఉండే కార్బన్ రేకు. ఆ రెండూ కలిస్తే తాగే నీళ్లలో పురుగుమందు జాడ పట్టే పరికరం తయారవుతుందని మా పెద్దాయన నమ్మకం. పెద్దాయన అంటే మా విభాగం అధిపతి.

ఆమె మా భవనానికి వచ్చి వారమే అయింది. అంతకుముందు పది నెలలు మా సంస్థదే ఇంకో భవనంలో గ్రాఫీన్ మీదే పనిచేసింది, వెండి ఆమెకు కొత్త. ఆమెది ఏడాది ఒప్పందం. వచ్చే సోమవారం పదకొండు గంటలకు అందరి ముందూ ప్రసంగించాలి. అది నచ్చితే ఒప్పందం పొడిగిస్తారు, లేకపోతే రెండు నెలల్లో వెళ్లిపోవాలి. ఈ సంగతి నాకు మెట్ల మీద ఎదురైన గుమాస్తా చెప్పాడు. నేను అడగలేదని చెప్పలేను.

పద్ధతి ప్రకారం మొదట ఒక సీసా చూపించి, సరేనంటే మిగతా పదకొండూ ట్రేలో ఒకేసారి తేవాలి. పదకొండుంబావుకు కిందికి వచ్చి ట్రే చేతిలోకి తీసుకున్నాను. ఇలా అయితే ఒక్కసారే పైకి వెళ్తాను. ఒక్కొక్కటిగా అయితే పదకొండుసార్లు వెళ్లవచ్చు. లెక్కల్లో నేను మొదటినుంచీ గట్టివాణ్ణి. ట్రే మళ్లీ నా బల్ల పక్కన కిటికీ గట్టు మీద పెట్టి, రెండో సీసా ఒక్కటీ తీసుకుని మెట్లెక్కాను.

"ట్రే లేదా మీకు?" అంది.

"ఉందండి. కుదుపు పడదు."

"ఎవరికి?"

"వెండికి. ఎక్కువ సీసాలు పెట్టి ఊపితే రేణువులు గుంపు కట్టేస్తాయి."

ఆమె నన్ను రెండు క్షణాలు చూసింది. అంత చిన్న రేణువులకు నా నడక ఒక లెక్కే కాదు. అయినా ఆమె పుస్తకం తీసి, 'నమూనాలు ఒక్కొక్కటిగా తేవాలి, కుదుపు తగలకూడదు' అని రాసి, కింద గీత గీసింది. నా అబద్ధం విజ్ఞానశాస్త్రంలో చేరడానికి నిమిషం కూడా పట్టలేదు.

సీసాకొక ఫారం ఉంటుంది. తెచ్చిన సమయం, లేజర్ శక్తి, ఇంకా ఐదు గడులు. ఏడో గడిలో 'చీకట్లో ఉంచారా?' అన్న ప్రశ్న. పన్నెండు ఫారాల్లోనూ టిక్ పెట్టాను. ఆమె కంప్యూటర్ వైపు చూస్తుంటే నేను ఆమె వైపు చూస్తూ పెట్టాను.

రోజుకు మూడు సీసాలు. బుధవారం నాలుగోది ఇస్తుంటే అడిగింది.

"వేలిముద్ర గారూ, లిఫ్ట్ పనిచేస్తోంది, తెలుసా?"

"లిఫ్ట్‌లో కుదుపుంటుందండి."

"మెట్ల మీద ఉండదా?"

"మెల్లగా ఎక్కుతాను."

"వింటూనే ఉన్నాను. మీరు రెండో అంతస్తులో ఆగి ఆయాసం తీర్చుకోవడం కూడా వినిపిస్తోంది."

ఇంట్లో అక్కకూ బావకూ ఏమీ చెప్పలేదు. వాళ్లకు తెలిసిపోయింది. నేనుండేది వాళ్లింట్లోనే. అక్క ముందుగదిలో బట్టలు కుడుతుంది. బావ బడిలో లెక్కలు చెబుతాడు.

"మూడో అంతస్తు ఈవాళ ఏమంది?" అన్నాడు బావ.

"'తర్వాతది తెండి' అంది."

"నిన్న కూడా అదే కదరా."

"ఈవాళ 'ప్లీజ్' కూడా అంది."

"విన్నావుటే?" అన్నాడు బావ అక్కతో. "ఇక ముహూర్తమే తరువాయి."

గురువారం వాన పడింది. ఎనిమిదో సీసాను ఆమె దీపం ముందు పెట్టి, "ఇది ఆకుపచ్చగా ఉందేంటి?" అంది.

"సీసా సీసాకూ లేజర్ శక్తి పెంచుతూ వచ్చానుగా."

శుక్రవారం పన్నెండోది నీలంగా వచ్చింది. ఆ సాయంత్రం నాలుగున్నరకు ఆమె మొదటిసారి లేజర్ గదికి వచ్చింది. చేతిలో ఒక కాగితం. అడ్డంగా లేజర్ శక్తి, నిలువుగా వెండి మింగిన రంగు. పన్నెండు చుక్కలూ ఒకే గీత మీద ఉన్నాయి.

"శక్తి మారిస్తే రంగు మారుతోంది," అంది. "పెద్దాయన చూశారు. సోమవారం ఇదే చెప్పమన్నారు. ఇలాంటి గీత నాకు పది నెలల్లో ఒక్కటీ రాలేదు."

"మీ చేతి చలవండి."

"కాదు, మీ కుదుపు జాగ్రత్త. దానికొక స్లైడు పెట్టాను."

ఆ మాటకే నేను జాగ్రత్త పడాల్సింది. పడలేదు. ఆమె కళ్లకు రక్షణ అద్దాలు ఇచ్చి, లేజర్‌తో గ్రాఫీన్ గీసి చూపించాను. గోధుమరంగు పొర మీద లేజర్ తగిలిన చోటల్లా నల్లగా గ్రాఫీన్ ఏర్పడుతుంది. ఏది కావాలంటే అది రాయవచ్చు.

"ఏదైనా రాయండి," అంది.

ఆమె పేరు రాద్దామనుకున్నాను. తేదీ రాశాను.

"ఉపయోగకరం," అంది ఆమె. తను వెళ్లేదాకా నేను అద్దాలు తీయలేదు. ఆమెకు అవి పెట్టి నేను నా చదువుకునే కళ్లద్దాలతోనే లేజర్ నడిపానని ఆ తర్వాత తెలిసింది. అదృష్టవశాత్తూ లేజర్ పెట్టె తలుపు మూసే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి అక్క ముందుగదిలోంచి పిలిచింది.

"ఒరేయ్, ఆ గుడ్డ తాను కిటికీ దగ్గర్నించి తీసి లోపల పెట్టు. నాలుగు రోజులుగా చెబుతున్నా, ఎవరికీ పట్టదు. చూడు, మడత మీద రంగెలా పోయిందో."

తాను తీశాను. లోపలి మడత ముదురు నీలం. కిటికీ వైపు మడత వెలిసిపోయింది.

"ఎన్ని రోజులుంది ఇక్కడ?"

"చెప్పానుగా, నాలుగు రోజులు. ఏరా, అలా నిలబడ్డావేం?"

వెండి రేణువులు వెలుగుకు ఆకారం మారతాయని, ఆకారం మారితే రంగు మారుతుందని పాఠ్యపుస్తకం రెండో అధ్యాయంలో ఉంది. ఆ వాక్యం కింద నేను పెన్సిల్‌తో గీత గీసుకున్నాను కూడా.

మూడింటికి లేజర్ గదికి వెళ్లాను. ప్రతి సీసాలోంచీ కొంత నీరు విడిగా తీసి ఉంచడం నాకు అలవాటు. ఆ విడి సీసాలు ఆరు రోజులుగా కిటికీ గట్టు మీదే ఉన్నాయి. మంగళవారం పసుపుగా ఉన్న ఒకటో నంబరు ఇప్పుడు నీలంగా ఉంది. పన్నెండో నంబరు శక్తితో కొత్తగా ఒక సీసా చేశాను. పసుపుగా వచ్చింది.

లేజర్ శక్తికీ రంగుకూ సంబంధం లేదు. పన్నెండూ సోమవారమే చేసి కిటికీలో పెట్టాను. మొదటి సీసా ఒక్కరోజు అక్కడ ఆగింది, చివరిది నాలుగు రోజులు ఆగింది. ఆమె గీసిన గీత నేను ఎన్ని రోజులు నాన్చానో చూపించే గీత.

పొరపాటున కిటికీ దగ్గర మరిచిపోయానని చెప్పి సగంలో తప్పించుకోవచ్చు. మెట్లెక్కుతూ ఆ మాటలు వరుసగా కూర్చుకున్నాను కూడా. కానీ కుదుపు స్లైడు ఉంది. అది చూసి రేపు ఎవరో ఇంకో చోట సీసాలు ఒక్కొక్కటిగా మోస్తారు.

నాలుగుంబావుకు పైకి వెళ్లాను. ఆమె ఖాళీ గదిలో నిలబడి, గోడకు ప్రసంగం అప్పజెప్పుకుంటోంది. రెండు సీసాలు బల్ల మీద పెట్టాను.

"నీలంది ఒకటో నంబరు. పసుపుది పన్నెండో దాని శక్తితో ఇప్పుడే చేసింది. సీసాలన్నీ కిటికీలో ఉన్నాయి," అన్నాను.

ఆమె ఫారాల కట్ట తీసి ఏడో గడి చూపించింది. "చీకట్లో ఉంచామని టిక్ పెట్టారు."

"చదవలేదు."

"పన్నెండుసార్లూనా?"

"పన్నెండుసార్లూ."

కుర్చీలో కూర్చుంది. "ఇది రేపు పదకొండింటికి చెప్పుంటే, ఎల్లుండి ఎవరో ఒకరు కనిపెట్టేవారు. నన్ను మళ్లీ ఎవరూ పనికి పిలిచేవారు కాదు. తెలుసా?"

"తెలుసు."

"పోనీ, కుదుపు వల్ల ఆలస్యమైంది..."

"కుదుపు అబద్ధం."

"మరి ఒక్కొక్కటి ఎందుకు తెచ్చారు?"

"పన్నెండుసార్లు రావచ్చని."

"ఎందుకు రావాలి?"

నేల వైపు చూశాను. నేల శుభ్రంగా ఉంది. "మిమ్మల్ని చూడ్డానికి."

"పన్నెండుసార్లు వచ్చి నాతో ఏం మాట్లాడారో గుర్తుందా?"

"'సంతకం చేయండి' అన్నాను."

"అంతే. పన్నెండుసార్లూ అదే." లేచి నిలబడింది. కోపంగా ఉందని చెప్పగలను, ఎందుకంటే ఆ తర్వాత చాలా మర్యాదగా మాట్లాడింది. "ఏ సీసా కిటికీలో ఎన్ని గంటలుందో చెప్పగలరా అండీ?"

చెప్పగలను. ఎప్పుడు చేశానో నా పుస్తకంలో ఉంది. ఎప్పుడు పైకి తెచ్చానో ఆమె ఫారాల్లో నిమిషాలతో సహా ఉంది. ఇది ఎలా తట్టిందని అడిగితే అక్క గుడ్డ తాను వెలిసిన సంగతి చెప్పాను. ఆమె లేజర్ శక్తి కొట్టేసి, ఆ చోట గంటలు వేసింది. ఏడింటికి కొత్త గ్రాఫ్ వచ్చింది. చుక్కలు పాత గ్రాఫ్‌లో కంటే గీతకు దగ్గరగా కూర్చున్నాయి. ఆమె దానివైపు చూసింది, నావైపు చూడలేదు.

"ఇంటికి వెళ్లండి," అంది.

సోమవారం పదకొండింటికి హాల్లో నలభైమంది ఉన్నారు. తను మొదట అనుకున్నది తప్పని, వెండిని మార్చింది లేజర్ కాదు, వెలుగని, కిటికీలో ఉంచిన సమయాన్ని బట్టి కావలసిన రంగు తెచ్చుకోవచ్చని ఆమె చెప్పింది. దాన్ని గ్రాఫీన్ మీద ఎలా వాడుకోవచ్చో మూడు స్లైడ్లలో చూపించింది. పెద్దాయన చెయ్యి ఎత్తాడు.

"బావుందమ్మా. కానీ ఆ సీసాలు అన్ని రోజులు కిటికీలో ఎందుకున్నాయి?"

"పైకి రావడం ఆలస్యమైందండి."

"ఎందుకని?"

"తెచ్చిన మనిషి నాలుగో వరసలో ఉన్నారండి."

లేచి నిలబడ్డాను. ఎవరో మైకు అందించారు. నేను అడగలేదు.

"ఒక్కోసారి ఒక్కటే తీసుకెళ్లానండి," అన్నాను.

"ట్రే ఇచ్చాం కదయ్యా."

"ఇచ్చారండి."

"మరి?"

"కొలిచే మనిషిని చూడ్డానికండి."

హాలు నవ్వడం ఆపడానికి ఎంతసేపు పట్టిందో రాసుకోలేదు. పెద్దాయన నవ్వలేదు. "ఇకమీదట సీసాలు ట్రేలో పంపు," అన్నాడు. "రెండో పనికి ఖాళీ చేతులతో వెళ్లు. తర్వాతి స్లైడు చూపించమ్మా."

తర్వాతి స్లైడులో ఆమె కృతజ్ఞతలు చెప్పింది. అందులో 'కిటికీ దగ్గర గుడ్డ వెలిసిందని చెప్పిన అక్కగారికి' అని ఒక వరస ఉంది. నా పేరు లేదు.

బుధవారం మూడింటికి ఒప్పందం రెండేళ్లు పొడిగించినట్లు ఉత్తరం వచ్చింది. ఆ సంగతి నాకు గుమాస్తా చెప్పాడు. ఖాళీ చేతులతో వెళ్లడం నాకు చేతకాలేదు. రెండుసార్లు రెండో అంతస్తు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను.

శుక్రవారం ఆమే కిందికి వచ్చింది. "మీ అక్కగారికి థ్యాంక్స్ చెప్పాలి. నంబర్ ఇవ్వండి," అంది. ఇచ్చాను. నా నంబర్ అడగలేదు.

ఆదివారం పదకొండున్నరకు ఆమె మా ఇంటికి వచ్చింది. అక్క రమ్మందట. నాకు పది నిమిషాల ముందే చెప్పారు. నేను వంటింట్లో టీ పెడుతుంటే ముందుగదిలోంచి మాటలు వినిపిస్తున్నాయి.

"మావాడు నిన్ను బాగా ఇబ్బంది పెట్టాడటగా అమ్మా," అంది అక్క.

"పెట్టారండి. పోయిన ఆదివారం రాత్రంతా కోపంగానే ఉన్నాను. తర్వాత ఆలోచిస్తే, అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు కదా, వచ్చి ఒప్పుకున్నారు. అదీ నాకు సంబంధించిన పని పాడవకూడదని."

"ఇంతకీ ఏం చేద్దామనుకుంటున్నావు వాణ్ణి?" అన్నాడు బావ.

"పెళ్లి చేసుకుందామనుకుంటున్నానండి. మా అమ్మకు నిన్న చెప్పాను. ఆయనకింకా చెప్పలేదు."

అప్పటికి నేను గుమ్మంలో ఉన్నాను. బావ లేచి వచ్చి, నా చేతుల్లోంచి కప్పులు తీసుకున్నాడు. టైము పన్నెండూ పది.