చెరిపేసిన చుక్క

సర్వర్ రూమ్ తలుపు బద్దలు కొట్టేసరికి ఇంజనీరు వెల్లకిలా పడి ఉన్నాడు. మెడకు బిగిసిన కేబుల్ చర్మంలోకి దిగిపోయింది. గుప్పిట్లో వేలెడంత డ్రైవ్. ఏజెంట్ మొండి ఆ వేళ్ళను ఒక్కొక్కటే విడదీశాడు. పదేళ్ళు ఒకే బల్ల దగ్గర భోంచేసిన స్నేహితుడు.

“నెలలో ముగ్గురు ఏజెంట్లు పోయారు. ఇప్పుడితను,” అన్నాడు చీఫ్. “మనవాళ్ళ వేషాలు శత్రువుకి ముందే తెలుస్తున్నాయి. పదకొండుకి మీ తమ్ముడు కెప్టెన్ వేషంలో ఓడెక్కాలి. ఇప్పుడెక్కడున్నాడో తెలీదు, ఫోన్ లేదు. గంట టైముంది.”

ఆఫీసులో మూడు నెలలుగా ఓ కొట్లాట నడుస్తోంది. ఇంజనీరుది డాక్యుమెంట్ డేటాబేస్: ఏజెంటుకో ఫైలు, అతని సమస్తం అందులోనే. ఒకే మనిషి పది ఫైళ్ళలో ఉంటే పది నకళ్ళు. అదంతా చెత్త అంది డేటా ఆర్కిటెక్ట్. అందగత్తె, పైగా అత్తరు ఘుమఘుమ. అందుకే అందరికీ సెంటు మేడమ్. ఆమెది నాలెడ్జ్ గ్రాఫ్: మనిషికో చుక్క, సంబంధానికో గీత. చీఫ్ ఆమె మాటకే తలూపాడు. పాత ఫైళ్ళు పొద్దున్నే తుడిచేశారు.

“చూడండి,” అంటూ మేడమ్ స్క్రీన్ తిప్పింది. “చనిపోయినవాళ్ళను కలిపే గీత ఒక్కటీ లేదు.”

మొండి తన చుక్క వెతుక్కున్నాడు. పోయిన నెలే ఏజెన్సీ దర్జీ దగ్గర వేషం కోసం వెయిటర్ కోటు కుట్టించుకున్నాడు. ఆ దర్జీ గ్రాఫ్‌లో లేడు!

ఇంజనీరు గుప్పిట్లో దొరికిన డ్రైవ్ గుచ్చి, అతను అందులో దాచిన పాత ఫైళ్ళ నకలు తెరిచాడు. ముగ్గురి ఫైళ్ళలోనూ దర్జీ ఉన్నాడు, దుకాణం అడ్రసుతో సహా. సిఫారసు చేసింది: సెంటు మేడమ్.

“ఒక్క చుక్క చెరిపితే గీతలన్నీ పోయాయి. నకళ్ళు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి, కదా మేడమ్?”

ఆమె లిప్‌స్టిక్ మూత తీసింది. ఢామ్! అందులోంచి దూసుకొచ్చిన గుండు మొండి చెవిని చీల్చుకుపోయింది. అతను కీబోర్డుతో ఆమె మణికట్టు విరగ్గొట్టాడు. ఎడమచేత్తో కత్తి దూసింది. జుట్టు పట్టి నుదురు ఇనుప ర్యాకుకేసి బాదాడు. రక్తం కక్కుతూ కూడా నవ్వింది.

“నీ తమ్ముడు ట్రయల్ రూమ్‌లో ఉన్నాడు. కొలతలు పూర్తయిపోతాయి.”

పదకొండుకి రెండు నిమిషాలుందనగా మొండి ఆ దుకాణం అద్దం పగలగొట్టుకుని లోపలికి దూకాడు. దర్జీ టేపులో ఉక్కుతీగ. అది తమ్ముడి మెడకు బిగిసి ఉంది, ముఖం నల్లబడింది. కాల్చితే తమ్ముడికే తగులుతుంది. మొండి బల్లమీది కాలుతున్న ఇస్త్రీపెట్టె అందుకుని దర్జీ చెంపకేసి అదిమాడు. చర్మం చుయ్యిమంది. కేక పెట్టి తీగ వదిలిన దర్జీ గుండెల్లో రెండు గుళ్ళు దించాడు.

తమ్ముడు దగ్గుతూ కూలబడ్డాడు. మొండికి ఏడుపు ఆగలేదు.

“అన్నయ్యా, కాలర్ కాస్త టైట్‌గా కుట్టాడు కదూ?”

ఫోన్ మోగింది. చీఫ్. “తమ్ముడు క్షేమమేగా? మరి ఇంతకీ ఏ డేటాబేస్ పెట్టుకుందామయ్యా?”

“రెండూ పెట్టండి సార్. గ్రాఫ్‌లో వెతుకుదాం, ఫైళ్ళలో సరిచూసుకుందాం. బట్టలు మాత్రం ఇకనుంచి రెడీమేడే.”